డాక్టర్ సన్ యట్‌సేన్ – ఆయన కలపాలనుకున్న ఊళ్లు

ఈ ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం గురించి రాసి ఇవ్వవలసిందిగా సంపాదకవర్గం వారు కోరారు. ప్రకాశం పంతులు గారి గురించీ, పొట్టి శ్రీరాములు గారి గురించీ నాకంటె బాగా రాయగల మిత్రులు మన సంఘంలో ఉన్నారు. అందుచేత నేను కొంచెం దూరం వెళ్లి, ఆధునిక చైనాకు జాతిపితగా చెప్పుకునే డాక్టర్ సన్ యట్‌సేన్ గారిని ఎన్నుకున్నాను. చైనాలో చక్రవర్తుల పాలనను అంతం చేసిన వారిలో ఆయన ముఖ్యుడని మనం బడిలోనే చదువుకున్నాం. కాని ఆయన ఊళ్లనూ, రేవులనూ, రైళ్లనూ కలుపుతూ పెద్ద పథకం రాసిపెట్టిన మనిషి అన్న సంగతి అంతగా ప్రచారంలో లేదు. సర్వీసంతా ఫైళ్ల మధ్య గడిపిన గుమాస్తాను కాబట్టి నాకు ఈ రెండో సంగతే ఎక్కువ ఆసక్తిగా తోచింది.

ముందుగా ఆయన పుట్టిన ప్రదేశం గురించి నాలుగు మాటలు చెప్పాలి. దక్షిణ చైనాలో గ్వాంగ్‌డాంగ్ అనే రాష్ట్రం ఉంది. అక్కడ పెర్ల్ నది, అంటే ముత్యాల నది, అనేక పాయలుగా చీలి సముద్రంలో కలుస్తుంది. ఆ నదీముఖం గరాటును తలకిందులుగా పెట్టినట్టు ఉంటుంది. పైకొసన గ్వాంగ్‌జౌ నగరం ఉంది. మన పాఠ్యపుస్తకాల్లో కాంటన్ అని చదువుకున్నది దీన్నే. తూర్పు ఒడ్డున డాంగ్‌గ్వాన్, షెన్‌జెన్, ఆ దిగువన హాంకాంగ్. పడమటి వైపున ఫోషాన్, జోంగ్‌షాన్, జుహై, ఆ దిగువన మకావ్. వీటికి హుయ్‌జౌ, జియాంగ్‌మెన్, జావోచింగ్ కూడా చేరిస్తే మొత్తం 11 నగరాలు. విస్తీర్ణం సుమారు 56,000 చదరపు కిలోమీటర్లు, అంటే తెలంగాణలో సగం. జనాభా 8 కోట్ల 60 లక్షల వరకు ఉంది. 2011 జనాభా లెక్కల్లో మన రెండు తెలుగు రాష్ట్రాలకూ కలిపి వచ్చిన సంఖ్య దాదాపు ఇంతే. ఇంత జనాన్ని, ఇన్ని ఊళ్లను ఒకే ఆర్థిక ప్రాంతంగా కలపడానికి 2019 ఫిబ్రవరిలో చైనా ప్రభుత్వం 'గ్రేటర్ బే ఏరియా' పేరుతో ప్రణాళిక ప్రకటించింది.

సన్ యట్‌సేన్ 1866 నవంబరు 12న ఈ నదీముఖానికి పడమటి ఒడ్డున, షియాంగ్‌షాన్ జిల్లాలోని త్సుయ్‌హెంగ్ అనే చిన్న పల్లెలో పుట్టారు. తండ్రి పేద రైతు. వయసులో ఉండగా పొట్టకూటి కోసం మకావ్ వెళ్లి పనిచేసి తిరిగివచ్చినవాడు. అప్పటికి మకావ్ పోర్చుగీసువారి చేతిలో ఉండేది, హాంకాంగ్ ఇంగ్లీషువారి చేతిలో ఉండేది. మిగిలిన నేల మంచూ చక్రవర్తులది. ఒకే నీటి మీద, ఒకే కాంటనీసు భాష మాట్లాడే జనం మీద ముగ్గురు ప్రభువులు. సన్ అన్నగారు సన్ మేయ్ హవాయి దీవులకు వలసపోయి అక్కడ వ్యవసాయంలోనూ, పశువుల పెంపకంలోనూ బాగుపడ్డాడు. 1879లో పదమూడేళ్ల తమ్ముడు తల్లితో కలిసి మకావ్‌లో ఓడ ఎక్కి అన్నగారి దగ్గరకు వెళ్లాడు. అక్కడి మిషనరీ బడిలో ఇంగ్లీషు చదువు అబ్బింది.

1883లో ఊరికి తిరిగివచ్చిన కుర్రవాడికి గ్రామం ఇరుకుగా కనిపించింది. స్నేహితుడు లూ హావోడాంగ్‌తో కలిసి ఊరి గుడిలో విగ్రహానికి అపచారం చేశాడు. ఊరివారు మండిపడ్డారు. తండ్రి చేసేది లేక కొడుకును హాంకాంగ్ పంపించాడు. ఊరు వెళ్లగొట్టడమే ఆయన చదువుకు దారి చూపింది. హాంకాంగ్‌లో హైస్కూలు చదువు, గ్వాంగ్‌జౌ మిషన్ ఆసుపత్రిలో ఒక ఏడాది వైద్య విద్య, తిరిగి 1887లో హాంకాంగ్‌లో కొత్తగా తెరిచిన వైద్య కళాశాల. 1892లో డాక్టరు పట్టా వచ్చింది. మధ్యలో 1885లో పెద్దలు కుదిర్చిన సంబంధం ప్రకారం లూ ముజెన్ అనే ఆమెతో వివాహమైంది.

పట్టా చేతికి వచ్చాక ఆయన మకావ్‌లో ప్రాక్టీసు పెట్టారు. అక్కడి చైనీయుల ధర్మాసుపత్రిలో రోగులను చూస్తూ, ఆ ఆసుపత్రి దగ్గరే అప్పు తీసుకుని మందుల దుకాణం తెరిచారు. హస్తవాసి మంచిదని పేరు వచ్చింది. కాని పోర్చుగీసు డిప్లొమా లేనివాడు తమ పరిధిలో వైద్యం చేయరాదని అభ్యంతరం వచ్చింది. హాంకాంగ్ పట్టా మకావ్‌లో చెల్లలేదు. రెండు ఊళ్ల మధ్య దూరం స్టీమరులో కొద్ది గంటలే. 1893లో ఆయన మూటాముల్లె సర్దుకుని గ్వాంగ్‌జౌకు మారవలసి వచ్చింది. ఒక కార్యాలయం ఇచ్చిన కాగితం పక్క కార్యాలయంలో చెల్లకపోతే మనిషి ఎంత తిరగాలో మనలో చాలామందికి అనుభవమే.

1894లో ఆయన దేశసంస్కరణల గురించి పెద్ద విజ్ఞాపన రాసుకుని, చక్రవర్తి కొలువులో ప్రముఖుడైన లి హోంగ్‌జాంగ్‌కు సమర్పించడానికి ఉత్తరాదికి వెళ్లారు. చదువు, వ్యవసాయం, గనులు, సరుకుల రవాణా – ఇవి అందులోని విషయాలు. ఆ పెద్దమనిషి దర్శనమే దొరకలేదు. అదే సంవత్సరం నవంబరులో హవాయిలో ఆయన మొదటి విప్లవ సంఘం స్థాపించారు. ఆ తర్వాత పదహారు పదిహేడేళ్లపాటు ఆయన జీవితం సరిహద్దుల మీదుగానే నడిచింది.

1895 అక్టోబరులో గ్వాంగ్‌జౌలో మొదటి తిరుగుబాటు తలపెట్టారు. డబ్బు, ఆయుధాలు, మనుషులు హాంకాంగ్ నుంచి రావాలి. రాత్రి స్టీమరులో రావలసిన మనుషులు చెప్పిన రోజుకు రాలేదు. వచ్చేసరికి రేవులో పోలీసులు సిద్ధంగా ఉన్నారు. గుడి సంఘటనలో జతగా ఉన్న లూ హావోడాంగ్ పట్టుబడి మరణశిక్షకు గురయ్యాడు. సన్ కాలువల వెంట చిన్న పడవలో తన జిల్లా మీదుగా మకావ్ చేరి, అక్కడి నుంచి హాంకాంగ్ దాటి, జపాన్ వెళ్లిపోయారు. అధికారం ఒక్కరిదే అయివుంటే ఆయన కథ అక్కడితో ముగిసేది. పోర్చుగీసు హద్దు, ఇంగ్లీషు హద్దు ఆయన ప్రాణం నిలిపాయి. అయితే మరుసటి ఏడాది హాంకాంగ్ ప్రభుత్వమే ఆయనను ఐదేళ్లు తమ గడ్డ మీద అడుగుపెట్టరాదని బహిష్కరించింది. 1896 అక్టోబరులో లండన్‌లో చైనా రాయబార కార్యాలయం వారు ఆయనను పట్టుకుని పన్నెండు రోజులు బంధించారు. హాంకాంగ్‌లో వైద్యం నేర్పిన గురువు జేమ్స్ కాంట్లీ అక్కడ ఉండబట్టి, పత్రికలకు ఎక్కించి విడిపించారు.

ఈ అజ్ఞాతవాసంలో రెండు కాగితాల సంగతి చెప్పాలి. జపాన్‌లో ఒక బసలో రిజిస్టరులో ఆయన పేరు నకయామ అని రాశారు. అది అక్కడి ఒక కుటుంబం ఇంటిపేరు. అవే అక్షరాలను చైనా భాషలో చదివితే జోంగ్‌షాన్ అవుతుంది. దాక్కోవడానికి వాడిన ఆ పేరే ఆయనకు శాశ్వతంగా అతుక్కుపోయింది. చైనాలో నేటికీ ఆయనను ఆ పేరుతోనే ఎక్కువగా పిలుస్తారు. రెండవది జనన ధ్రువపత్రం. చైనీయులను అమెరికా రానివ్వని చట్టం అమలులో ఉన్న రోజుల్లో, 1904లో ఆయన హవాయిలో 1870లో పుట్టినట్టు పత్రం పుట్టించుకున్నారు. ఊరూ తప్పే, సంవత్సరమూ తప్పే. సర్వీసు రిజిస్టరులో ఒక పుట్టినతేదీ, ఇంట్లో జాతకంలో ఒక పుట్టినతేదీ ఉన్న మన మిత్రులు దీనికి ఆశ్చర్యపోరు.

1900లో హుయ్‌జౌ ప్రాంతంలో రెండో పెద్ద తిరుగుబాటు మొదలైంది. అది ప్రారంభమైన సాన్‌జౌతియాన్ గ్రామసీమ నేడు షెన్‌జెన్ నగరంలో భాగం. 1911 ఏప్రిల్‌లో గ్వాంగ్‌జౌలో జరిగిన తిరుగుబాటులో ఎందరో యువకులు ప్రాణాలు అర్పించారు. వారిలో 72 మంది పేర సమాధి క్షేత్రం ఆ నగరంలో ఉంది. వీటికి డబ్బు పెట్టి పెట్టి అన్న సన్ మేయ్ హవాయి ఆస్తి అంతా కరిగిపోయింది. ఆయన చివరికి మకావ్‌లో 1915లో కన్నుమూశాడు. నాయకుడి పేరు చరిత్రలో ఉంటుంది, అప్పులు మాత్రం కుటుంబం మోస్తుంది.

1911 అక్టోబరు 10న వుచాంగ్‌లో సైనికులు తిరగబడి విజయం సాధించినప్పుడు సన్ అమెరికాలో చందాలు పోగుచేస్తున్నారు. తిరిగివచ్చి 1912 జనవరి 1న నాన్‌జింగ్‌లో తాత్కాలిక అధ్యక్షుడిగా ప్రమాణం చేశారు. అంతర్యుద్ధం తప్పుతుందన్న ఆశతో కొన్ని వారాలకే పదవిని సేనాని యువాన్ షికాయ్‌కి వదులుకున్నారు. ఆ తర్వాత ఆయన స్వీకరించిన ఉద్యోగం రైల్వేలకు సంబంధించినది. పటం ముందు కూర్చుని దేశమంతటా గీతలు గీసేవారు. కొండలూ లోయలూ చూడకుండా గీతలు గీస్తున్నాడని పత్రికలవారు నవ్వుకున్నారు. 'పెద్ద ఫిరంగి' అని ఎగతాళి పేరు కూడా పెట్టారు. మోతే గాని గుండు లేదని దాని భావం. 1913లో యువాన్‌తో విరోధం ముదిరి ఆయన మళ్లీ ప్రవాసం వెళ్లవలసి వచ్చింది. 1915లో జపాన్‌లో సోంగ్ చింగ్‌లింగ్‌ను వివాహమాడారు. మొదటి భార్య లూ ముజెన్ మకావ్‌లో స్థిరపడి, 1952లో చనిపోయేవరకు అక్కడే ఉన్నారు.

నా దృష్టిలో ఆయన జీవితంలో ముఖ్యమైన కాగితం 1918 తర్వాత, గ్వాంగ్‌జౌలో అధికారం చేజారి షాంఘైలో ఖాళీగా కూర్చున్న రోజుల్లో తయారైంది. అది చైనా పారిశ్రామికాభివృద్ధి పథకం. 1920లో ఇంగ్లీషులో అచ్చయింది. మొదటి ప్రపంచయుద్ధం ముగిసి ఐరోపా, అమెరికా కర్మాగారాలకు ఆర్డర్లు తగ్గిన సమయం. ఆ యంత్రాలు, పెట్టుబడి చైనాకు తెచ్చి, మూడు మహారేవులు, లక్ష మైళ్ల రైలు మార్గాలు, నదుల పూడికతీత, విద్యుత్తు సాధించాలన్నది సారాంశం. మూడు రేవుల్లో దక్షిణపుది గ్వాంగ్‌జౌ. దానికోసం సముద్రం దాకా నదిని లోతు చేయాలి, గట్లు కట్టాలి, డెల్టా పాయలను పడవలకు అనువుగా సరిచేయాలి. రేవు ఉన్న హువాంగ్‌పు నుంచి కుండలకు, లోహపు పనికి పేరుపొందిన ఫోషాన్ దాకా మధ్యనున్న నేలనంతా కలిపి ఒకే మహానగరంగా కట్టాలని ఆయన రాశారు. వాణిజ్యానికి ఎటు, కర్మాగారాలకు ఎటు అన్నది కూడా విభజించి చూపారు.

ఈ పథకాన్ని విదేశాల పెద్దలకు పంపించారు. మర్యాదగా జవాబులు వచ్చాయి. డబ్బు రాలేదు. అంచనాలు వేసి, నకళ్లు తీసి, పైకి పంపిన ఎన్ని ప్రతిపాదనలు నిధుల కొరత అనే ఒక్క ముక్కతో తిరిగి వచ్చాయో మన సభ్యులకు నేను చెప్పనక్కరలేదు.

అయినా ఆయన ఊరుకోలేదు. గ్వాంగ్‌జౌ పాత కోట గోడలు కూలగొట్టి రోడ్లు వేసే పని 1918లోనే మొదలైంది. 1921లో అక్కడ ఆధునిక పద్ధతిలో నగరపాలక సంస్థ ఏర్పడింది. మొదటి మేయరు సన్ యట్‌సేన్ గారి కుమారుడు సన్ ఫో. 1922 జూన్‌లో సొంత సేనాని చెన్ జియోంగ్‌మింగ్ తిరగబడగా సన్ యుద్ధనౌకలో తలదాచుకోవలసి వచ్చింది. 1923లో మళ్లీ అధికారానికి వస్తూ దారిలో హాంకాంగ్ విశ్వవిద్యాలయంలో విద్యార్థులతో మాట్లాడారు. తన విప్లవ భావాలు ఎక్కడివని అడిగేవారికి సమాధానం హాంకాంగే అని ఆ సభలో చెప్పారు. అక్కడి శుభ్రమైన వీధులకూ, క్రమమైన పాలనకూ, యాభై మైళ్ల దూరంలోని తన జిల్లా దుస్థితికీ తేడా చూసి ఆలోచన మొదలైందని వివరించారు. ఈ ఒక్క సంగతి నాకు ఆయన జీవితానికి తాళంచెవి వలె కనిపిస్తుంది. పక్కపక్క ఊళ్లు వేర్వేరు పద్ధతుల్లో నడవబట్టే ఆయన కళ్లు తెరుచుకున్నాయి. ఆ తేడాను తొలగించి ఊళ్లు కలపాలన్నదే ఆయన కోరిక.

1924లో హువాంగ్‌పు సైనిక విద్యాలయం, నేడు ఆయన పేరనే ఉన్న విశ్వవిద్యాలయం గ్వాంగ్‌జౌలో స్థాపించారు. దేశసమైక్యత గురించి చర్చలకు బీజింగ్ వెళ్లి, క్యాన్సరు వ్యాధితో 1925 మార్చి 12న మరణించారు. వయసు 58. ఒక్క రేవు కూడా పూర్తికాలేదు. ఆ సంవత్సరమే ఆయన పుట్టిన జిల్లాకు జోంగ్‌షాన్ అని పేరు మార్చారు. బస రిజిస్టరులోని మారుపేరు ఆ విధంగా ఒక జిల్లా పేరయింది.

తరువాతి కథ క్లుప్తంగా చెబుతాను. జపాన్ దండయాత్ర, అంతర్యుద్ధం, 1949లో కమ్యూనిస్టు ప్రభుత్వం. తర్వాత ముప్పయ్యేళ్లు హాంకాంగ్ సరిహద్దు దాదాపు మూతపడింది. ఆకలి భరించలేక అఖాతం ఈది హాంకాంగ్ చేరబోయినవారు వేలల్లో ఉన్నారు. అందరూ ఒడ్డు చేరలేదు. 1978 తర్వాత విధానం మారింది. 1980 ఆగస్టులో షెన్‌జెన్‌ను ప్రత్యేక ఆర్థిక మండలిగా ప్రకటించారు. హాంకాంగ్ వ్యాపారులు దుకాణం తమ ఊళ్లో ఉంచుకుని, కార్ఖానాలు సరిహద్దు అవతల పెట్టారు. డాంగ్‌గ్వాన్‌లో బూట్లు, బొమ్మలు, జోంగ్‌షాన్‌లోని గుజెన్ పట్టణంలో దీపాలు, ఫోషాన్‌లో టైల్సు, ఇంటి సామాను. మొదలుపెట్టేనాటికి మూడు లక్షల మంది ఉన్న షెన్‌జెన్ ప్రాంతంలో 2020 లెక్కల ప్రకారం ఒక కోటి 75 లక్షల మంది ఉన్నారు. హునాన్, సిచువాన్ వంటి దూరపు రాష్ట్రాల నుంచి వచ్చిన పల్లె యువతీయువకులు ఈ నగరాలను కట్టారు. 1997లో హాంకాంగ్, 1999లో మకావ్ చైనాకు తిరిగి చేరాయి.

ఇక ఊళ్లు కలవడం వేగంగా సాగింది. 2010 నవంబరులో గ్వాంగ్‌జౌ, ఫోషాన్ నగరాల మధ్య మెట్రో రైలు నడిచింది. ఆయన పథకంలో ఒకే నగరంగా ఉండాలని రాసిన రెండు ఊళ్లు అవే. 2018లో హాంకాంగ్, జుహై, మకావ్‌లను కలిపే 55 కిలోమీటర్ల సముద్రపు వంతెన తెరిచారు. అదే సంవత్సరం హాంకాంగ్‌కు హైస్పీడు రైలు వచ్చింది. 2024 జూన్ 30న షెన్‌జెన్ నుంచి జోంగ్‌షాన్‌కు నదీముఖం మీదుగా 24 కిలోమీటర్ల మార్గం ప్రారంభమైంది. అందులో కొంత వంతెన, కొంత నీటి అడుగున సొరంగం. రెండు గంటల ప్రయాణం అరగంటకు తగ్గింది. అది పడమటి ఒడ్డున దిగేది త్సుయ్‌హెంగ్ పేరు పెట్టిన కొత్త పట్టణ ప్రాంతంలో. ఒకప్పుడు సన్ గారు అన్నగారిచ్చిన డబ్బుతో తానే నమూనా గీసి కట్టించిన ఇల్లు ఆ పల్లెలో ఇప్పటికీ భద్రంగా ఉంది. ఇక ఆయన లెక్కగట్టిన లక్ష మైళ్ల రైలు మార్గం అంటే సుమారు 1,60,000 కిలోమీటర్లు. చైనా రైల్వేల మొత్తం పొడవు ఆ అంకెను దాటింది 2024లో.

అయితే వంతెన పడినంత మాత్రాన అంతా కలిసిపోయిందని అనుకోరాదు. ఈ 11 నగరాల్లో నేటికీ మూడు నాణేలు, మూడు న్యాయవ్యవస్థలు, మూడు కస్టమ్సు తనిఖీలు ఉన్నాయి. హాంకాంగ్, మకావ్‌లలో వాహనాలు మనవలె ఎడమ పక్కన నడుస్తాయి, మిగిలినచోట్ల కుడి పక్కన. కార్ఖానాల్లో జీవితం ధారపోసిన వలస కూలీలకు నివాస నమోదు స్వగ్రామంలోనే ఉండిపోవడం వల్ల, పిల్లల బడికీ, వైద్యానికీ, వృద్ధాప్యపు సొమ్ముకూ ఏళ్లతరబడి ఇబ్బందులు వచ్చాయి. నగరం వారి పని తీసుకుంది, పేరు మాత్రం తన రిజిస్టరులో తేలికగా ఎక్కించుకోలేదు.

మరో సంగతి కూడా దాచకుండా చెప్పాలి. 2019లో హాంకాంగ్‌లో పెద్ద ఎత్తున నిరసనలు జరిగాయి. 2020లో బీజింగ్ ప్రభుత్వం అక్కడ జాతీయ భద్రతా చట్టం తెచ్చింది. ఆ తర్వాత ఎందరో అరెస్టయ్యారు, కొన్ని పత్రికలు మూతపడ్డాయి. 1895లో సన్ యట్‌సేన్ వంటి యువకుడికి ఆశ్రయమిచ్చిన ఆ హద్దు నేడు అటువంటివాడిని కాపాడదు. ఆయన కోరిన ఐక్యతకు, ఆయన్ను బతికించిన భిన్నత్వానికి మధ్య ఉన్న ఈ చిక్కు ఇంకా విడలేదు.

మన పెన్షనర్లకు సంబంధించిన ఒక వివరం చెప్పి ముగిస్తాను. హాంకాంగ్‌లో అద్దెలు భరించలేక, పుట్టిన జిల్లాలో శేషజీవితం గడుపుదామనుకునే వృద్ధులు చాలామంది ఉన్నారు. కాని పరిమితికి మించి ఊరు విడిచి ఉంటే వృద్ధాప్య భత్యం ఆగిపోయేది. 2013 అక్టోబరులో హాంకాంగ్ ప్రభుత్వం గ్వాంగ్‌డాంగ్ పథకం ప్రవేశపెట్టి, సరిహద్దు అవతల స్థిరపడినవారికి కూడా ఆ భత్యం అందే ఏర్పాటు చేసింది. 2015 నుంచి వృద్ధుల వైద్య కూపన్లు షెన్‌జెన్‌లో హాంకాంగ్ విశ్వవిద్యాలయం నడిపే ఆసుపత్రిలో చెల్లుతున్నాయి. 1893లో హాంకాంగ్ వైద్యపట్టా మకావ్‌లో చెల్లక ఊరు మారిన డాక్టరు గారి జీవితం చదివాక, ఈ చిన్న ఉత్తర్వు విలువ నాకు సముద్రపు వంతెన కంటె తక్కువగా కనబడలేదు. 2014లో మన రాష్ట్రం రెండైనప్పుడు మన కాగితాలు ఏ ఖజానాకు చేరతాయోనని ఎదురుచూసిన సోదర సోదరీమణులు ఈ మాటతో ఏకీభవిస్తారని నమ్ముతున్నాను.

అందరికీ ఆయురారోగ్యాలు కలగాలని కోరుతూ, సెలవు.